మూడో సిలిండరులో మనిషి

పోయినవారం మనం చిన్నమేస్త్రిని షెడ్డు మధ్యలో, చేతిలో కారు తాళంచెవితో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అలాగే ఉన్నాడు. తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకున్నా టీచరమ్మగారి పాత కారు ఆగలేదు. దగ్గుతూ, ఒళ్ళు విదిలించుకుంటూ, సీట్లో మనిషి లేకుండానే ఇంజను తిరుగుతోంది. పైన మేడగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. మెట్లమీద అడుగులు వినిపించాయి. అక్క వచ్చి, కారు ముందు నిలబడి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, "ఆయనేరా తమ్ముడూ," అంది. అప్పుడు ఆగింది ఇంజను.

ఆ 'ఆయన' ఎవరో మరిచిపోయినవాళ్ళకీ, ఇవాళే కథలో అడుగుపెట్టినవాళ్ళకీ ఒక్క ముక్క. ఆయనంటే అక్క మొగుడు, చిన్నమేస్త్రికి బావ. ఇదే షెడ్డులో మామగారి దగ్గర పని నేర్చుకున్నాడు. కొండకి అవతల సొంత షెడ్డు పెట్టుకుందాం రమ్మని పెళ్ళాం చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. నాన్నని వదిలి రానంటే రానని అక్క. ఏళ్ళ కిందట ఒక సాయంత్రం మాటామాటా పెరిగి, "వెళ్తే వెళ్ళండి, మళ్ళీ రానక్కర్లేదు," అనేసింది. ఆయన కారు తీసి కొండదారి పట్టాడు. ఎక్కుతున్న కారు ఇంజను టక్ టక్ మని కొట్టుకోవడం కిటికీ దగ్గర నిలబడి అక్క విన్నది. ఆ చప్పుడు మలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. మర్నాడు మలుపు కింద ఉన్న రిజర్వాయరులోంచి కారును బయటికి లాగారు. డ్రైవరు పక్క తలుపు తెరిచి ఉంది, మనిషి లేడు. అడుగున బురద చాలా లోతని చెప్పి వెతికేవాళ్ళు చేతులెత్తేశారు.

అప్పటినుంచీ అక్కది ఒకటే మాట. స్టీరింగు తిప్పింది ఆయన చేతులైతే, తిప్పించింది తన నోరు. కార్ల సీటు కవర్లు కుట్టుకుంటూ పొట్టపోసుకుంటోంది గానీ, కొండెక్కే బండి ఏదైనా టక్కుమంటే చాలు, సూది వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెడుతుంది. చిన్నమేస్త్రి నచ్చజెప్పాడు, బతిమాలాడు, కసురుకున్నాడు కూడా. అన్నీ గోడకు చెప్పినట్టే అయ్యాయి.

అందుకే ఆ రోజు, తాళంచెవి లేకుండా నడిచిన ఇంజను ముందు నిలబడి, అతను గట్టిగానే అనేశాడు.

"అక్కా, ఇటు చూడు. దీని ఇంజను మొత్తం విప్పుతాను. లోపల ఉన్నదంతా తీసి బల్లమీద పరుస్తాను. ఇనుము తప్ప అందులో ఎవరూ లేరని నీ కళ్ళతో నువ్వే చూడు. చూశాక ఆ కిటికీ మూసి, మనిషిలా బతుకుతావా?"

"చూపించు," అంది అక్క. "లేడని చూపిస్తే మూస్తాను."

టీచరమ్మగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆవిడ కొండ అవతలి బడిలో ఫిజిక్సు చెబుతారు. దెయ్యాలంటే నమ్మకం లేదని వచ్చిన రోజే చెప్పారు. చెబుతూనే, కారు వెనకసీటు వైపు ఒకసారి తిరిగి చూసుకున్నారు. ఆవిడ ఫిర్యాదు చాలా స్పష్టం. తిన్నటి రోడ్డు మీద బండి పెళ్ళికూతురిలా ఒద్దికగా ఉంటుంది. కొండ ఎక్కుడు వచ్చి యాక్సిలరేటరు తొక్కగానే లోపలినుంచి ఎవరో కొడతారు. కాలు తీస్తే మానేస్తారు. 'ఎవరో', 'కొడతారు', 'మానేస్తారు' అంటున్నది ఒక ఫిజిక్సు టీచరు అన్నది చిన్నమేస్త్రి గమనించకపోలేదు.

ఇంజను పైమూత, అంటే హెడ్డు, విప్పితే సగం గుట్టు బయటపడింది. పిస్టన్ల నెత్తిన మసి పెళ్ళలు కట్టి ఉంది.

"ఇదిగో నీ దెయ్యం," అన్నాడు, మసిపెళ్ళ ఒకటి గోకి అక్క అరచేతిలో పెడుతూ. "ఇంజను వేడెక్కితే ఇది నిప్పుకణికలా ఎర్రగా కాలుతుంది. ప్లగ్గు నిప్పు ఇవ్వకపోయినా పెట్రోలుకి ఇదే అంటిస్తుంది. తాళం తీసినా బండి ఆగంది అందుకే."

"మరి కొట్టుకోవడం?" అన్నారు టీచరమ్మగారు.

"అదీ కొంత దీనివల్లే. పిస్టను ఇంకా పైకి వస్తుండగానే, వేళ కాని వేళ మంట పుట్టి దాని నెత్తిన మొట్టికాయ వేస్తుంది. ఎక్కుడులో బరువు ఎక్కువ కాబట్టి మొట్టికాయ గట్టిగా పడుతుంది. అదొక్కటే కాదండీ. ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు ఎవరో తిప్పి పెట్టారు. టైమింగు బాగా ముందుకు జరిగింది. టాంకులో పెట్రోలు కూడా మంచిది కాదు, కిరసనాయిలు వాసన."

మూడు తప్పులు ఒకే బండిలో. పాత బండి కదా, ఎవడో చేతగాని మెకానిక్కు చేతిలో పడి ఉంటుందనుకున్నాడు చిన్నమేస్త్రి. అలా అనుకోవడం అతనికి హాయిగా ఉంది. మసి గీకి, హెడ్డు కడిగి, వాల్వులు కూర్చోబెట్టి, కొత్త ప్యాకింగు వేసి, టైమింగు గీతకు గీత కలిపి, టాంకు ఖాళీ చేసి మంచి పెట్రోలు పోశాడు. స్టార్టు చేస్తే ఇంజను పిల్లి గురక పెట్టినట్టు నడిచింది. తాళం తీశాడు. ఆగింది. అక్క వైపు చూశాడు. "కొండ ఎక్కించు," అంది అక్క.

మధ్యాహ్నం మబ్బు పట్టి ఉంది. టీచరమ్మగారు స్టీరింగు పట్టారు, చిన్నమేస్త్రి పక్కసీట్లో కూర్చున్నాడు. కిటికీ అద్దాలు దించేశారు. ఊరి చివరి ఇటుకల బట్టీ దాటాక ఎక్కుడు మొదలవుతుంది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ. గోడకు తగిలి చప్పుడు తిరిగి వస్తుంది గనక ఇంజను వినడానికి అంతకన్నా మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు. మేస్త్రులందరూ బండ్లు ఇక్కడికే తెచ్చి వింటారు.

"ఇప్పుడు తొక్కండి."

ఆవిడ తొక్కారు. ఇదివరకు డబ్బాలో గోళీలు పోసి ఆడించినట్టు గలగలమనేది. అది ఇప్పుడు లేదు. చిన్నమేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు. నవ్వబోయాడు కూడా.

అప్పుడు వినిపించింది. గలగల పోయాక, దాని అడుగున ఇన్నాళ్ళూ దాక్కున్న చప్పుడు. బరువుగా, మందంగా, అట్టడుగునుంచి వస్తోంది. దుప్పటి చుట్టిన చేత్తో తలుపు కొడుతున్నట్టుంది. టక్. టక్. టక్. రాతిగోడ ఒక్కొక్క దెబ్బనీ తీసుకుని కాస్త ఆలస్యంగా వెనక్కి ఇచ్చింది. బయట ఇంకొకరెవరో కారుతోపాటు నడుస్తూ జవాబు కొడుతున్నట్టనిపించి అతనికి ఒళ్ళు జలదరించింది.

"కాలు తీయండి."

ఆగింది.

"తొక్కండి."

పలికింది.

టీచరమ్మగారు చటుక్కున కాలు తీశారు. "మేస్త్రిగారూ, నేను శాస్త్రం చదువుకున్నదాన్ని. బరువు పడినప్పుడు వచ్చే చప్పుడు బరువు తీస్తే పోతుంది. అంతే కదా?"

"అంతేనండీ."

"మరి మీరు తలుపు పిడి అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారు?"

చిన్నమేస్త్రి పిడి వదిలేసి, "బండి తిప్పండి, చూద్దాం," అన్నాడు. వెనక్కి తిరిగేటప్పుడు కింద రిజర్వాయరు కనిపించింది. గాలి లేకపోవడం వల్ల నీళ్ళు కదలడం లేదు.

షెడ్డులో చిన్నమేస్త్రి నాన్న, పెద్దమేస్త్రి, తన చెక్క కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ముసలాయనకు చెవులు పోయి చాలా ఏళ్ళయింది. ఈమధ్య జ్ఞాపకం కూడా చుట్టంచూపుగా వచ్చి పోతోంది. కానీ ఒక్క పని మాత్రం ఇప్పటికీ ఆయన తర్వాతే ఎవరైనా. ఇనుపచువ్వ ఒక కొస ఇంజను పక్కన ఆనించి, రెండో కొస పళ్ళతో కరిచి పట్టుకుంటాడు. చెవులు చెప్పనిది ఆయనకు దవడ ఎముక చెబుతుంది. చిన్నమేస్త్రి చువ్వ అందించి, ఇంజను జోరు పెంచాడు. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. కొంచెంసేపటికి చువ్వ తీసేసి, మూతి తుడుచుకుని, మూడు వేళ్ళు చూపించాడు.

నాన్న మాట మీద నమ్మకం లేక కాదు గానీ, పద్ధతి పద్ధతే. చిన్నమేస్త్రి రబ్బరు తొడుగుల పట్టకారు తీసుకుని, నడుస్తున్న ఇంజను మీద ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పైకి లేపాడు. ఏ సిలిండరుకి నిప్పు అందకపోతే దాని పిస్టను మీద దెబ్బ పడదు. జబ్బు దాని కింద ఉంటే చప్పుడు తగ్గుతుంది. మొదటి వైరు లేపితే ఇంజను కుంటింది, చప్పుడు అలాగే ఉంది. రెండోదీ అంతే. మూడో వైరు లేపగానే, నోటి మీద ఎవరో చెయ్యి పెట్టి మూసినట్టు చప్పుడు అణిగిపోయింది. వైరు పెడితే మళ్ళీ మొదలైంది.

"మూడో పిస్టను రాడ్డు కింద బేరింగు అరిగింది," అన్నాడు అక్కతో. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. కింద ఆయిల్ చాంబరు విప్పితే తేలిపోతుంది."

"విప్పు," అంది అక్క. బల్లమీద ఇంతకుముందు పరిచిన పాత ప్యాకింగుల పక్కన తనే ఒక శుభ్రమైన గుడ్డ పరిచింది.

కారును షెడ్డు నేలలో తవ్విన గుంట మీద నిలబెట్టి, ఆయిలు దించి, చిన్నమేస్త్రి కిందికి దిగాడు. చేతిలైటు కొక్కేనికి తగిలించి ఆయిల్ చాంబరు బోల్టులు విప్పాడు. చివరి బోల్టు తీసినా చాంబరు ఊడలేదు. స్క్రూడ్రైవరు దూర్చి కదిపితే, సాగుతూ వచ్చింది. సందులోంచి సిర్కా లాంటి పుల్లటి వాసన గుప్పుమంది.

ఆ వాసన అతనికి నచ్చలేదు. చాంబరు కారకుండా పూసే జిగురు కొత్తగా ఉన్నప్పుడే అలా కొడుతుంది. ఎండిపోయి, ఆయిలు తాగి, బండి తిరిగితే వాసన పోతుంది. అంటే ఈ పాత ఇంజను పొట్టని ఎవరో ఈమధ్యనే విప్పి, మళ్ళీ కుట్టారు. బండి కొన్న దగ్గర్నుంచీ ఏ మెకానిక్కుకీ చూపించలేదని టీచరమ్మగారు మొదటిరోజే చెప్పారు. అది గుర్తొచ్చి పానా పట్టిన చెయ్యి ఒక్కక్షణం ఆగింది.

మూడో రాడ్డు టోపీ ఊడదీశాడు. అర్ధచంద్రంలా ఉన్న బేరింగు ముక్క చేతిలోకి జారింది. దాని వీపున ఇంకోటి అతుక్కుని వచ్చింది. కాగితమంత పలచని ఇత్తడి రేకు.

ఈ విద్యను షెడ్డు భాషలో 'నోరు మూయించడం' అంటారు. అరిగిన బేరింగు వెనక ఇత్తడి రేకు దూరిస్తే వదులు తగ్గి, చప్పుడు కొన్నాళ్ళు ఊరుకుంటుంది. కొనేవాడు బండి తీసుకుని వెళ్ళిపోయేదాకా ఊరుకుంటే చాలు. పెద్దమేస్త్రికి ఈ పని చేసేవాళ్ళంటే అరికాలి మంట నెత్తికెక్కేది. అయితే చేతిలో ఉన్న రేకు అలాంటి మోసగాడు పెట్టింది కాదని చిన్నమేస్త్రికి చూడగానే తెలిసిపోయింది. మోసగాడైతే వదులు మొత్తం పోయేంత మందం పెడతాడు. ఇది సగమే పెట్టారు. బండి తిన్నటి రోడ్డు మీద నోరు మూసుకుని, కొండెక్కేటప్పుడు మాత్రం మాట్లాడాలి. అంత కొలతగా పెట్టారు.

లైటు దగ్గరికి తెచ్చి చూశాడు. రేకుకి నాలుగు మూలలుండాలి. మూడే ఉన్నాయి. నాలుగో మూల నిక్కచ్చిగా, ఏటవాలుగా కత్తిరించి ఉంది.

చిన్నమేస్త్రి ఆ మూలని వేలితో తడిమాడు. బండి కింద కంటికి కనిపించని చోట రేకు ఏ వైపు తిప్పి పెట్టాలో వేలికి తెలియడం కోసం ఒక మూల అలా కత్తిరించడం పెద్దమేస్త్రి కనిపెట్టిన పద్ధతి. రేకైనా, ప్యాకింగైనా, ఈ షెడ్డులో పుట్టిన ముక్కకి మూడే మూలలు. బయటి మేస్త్రులు చూసి, పెద్దమేస్త్రికి నాలుగు దాకా లెక్క రాదని ఎగతాళి చేసేవాళ్ళు. అలా కోసేవి మూడు జతల చేతులే. నాన్న చేతులు చాలాకాలంగా గ్లాసు పట్టుకున్నా వణుకుతున్నాయి. తన చేతులు ఈ పని చెయ్యలేదు. మూడో జత చేతులు రిజర్వాయరు అడుగున ఉండాలి.

అతను గుంటలో ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలియదు. పైనుంచి అక్క పిలిచింది.

"ఏమైందిరా?"

"ఏం లేదు. బేరింగు అరిగింది."

"అబద్ధం ఆడేటప్పుడు నీ గొంతు చిన్నప్పట్నుంచీ ఒక్కలాగే ఉంటుంది. పైకి రా."

పైకి వచ్చాడు. రేకును పిడికిట్లో దాచుకుని వచ్చాడు. లోపల ఎవరూ లేరని చూపిస్తానని అందరి ముందూ మాటిచ్చిన మనిషి, ఇప్పుడు ఆ పిడికిలి ఎలా విప్పాలో తెలియక, అక్కని తప్పించుకుని ముందుగా నాన్న దగ్గరికి వెళ్ళాడు. ఒక్క ఆశ మిగిలింది. నాన్న ఎప్పుడో, చేతులు బాగున్న రోజుల్లో కత్తిరించి పడేసిన ముక్క ఎవడో ఏరుకుని వాడి ఉండొచ్చు. ఆ మాట నాన్న నోట వినిపిస్తే చాలు.

రేకు ముసలాయన అరచేతిలో పెట్టాడు. పెద్దమేస్త్రి దాన్ని కళ్ళతో చూడలేదు. బొటనవేలితో అంచు వెంబడి మెల్లగా తడిమాడు. మూల దగ్గర వేలు ఆగింది. మళ్ళీ తడిమాడు. ముడతల మొహం చిన్నపిల్లాడి మొహంలా విప్పారింది.

"అల్లుడెప్పుడొచ్చాడ్రా?" అన్నాడు గట్టిగా, చెవిటివాళ్ళు మాట్లాడే గొంతుతో. "నాతో చెప్పలేదే! అన్నం పెట్టారా అతనికి?"

చిన్నమేస్త్రి వంగి, పెదవులు కనిపించేలా ఒక్కొక్క మాటా విడమరిచి అడిగాడు.

"నాన్నా, ఇది నువ్వు కోసింది కాదూ?"

"నేను కుడిచేత్తో కోస్తాను. అంచు కిందికి మడత పడుతుంది. ఇది పైకి లేచింది, చూడు. ఎడమచేతి కోత. ఎన్ని తిట్లు తిట్టాను ఆ చెయ్యి మార్చుకోమని! వింటేగా." ముసలాయన షెడ్డు వాకిలి వైపు చూసి నవ్వుతూ, "ఏడీ?" అన్నాడు.

అక్క నడుచుకుంటూ వచ్చి తండ్రి చేతిలోంచి రేకు తీసుకుంది. చిన్నమేస్త్రి ఆపబోయి మానుకున్నాడు. అక్క కళ్ళు మూసుకుని, తండ్రి చేసినట్టే అంచు తడిమింది. ఏడుస్తుందనుకున్నాడు. పడిపోతుందేమోనని దగ్గరికి జరిగాడు. అక్క మాత్రం చాలా మామూలుగా అడిగింది.

"ఇది పెట్టి ఎన్నాళ్ళయింది?"

"జిగురు వాసన ఇంకా పోలేదు. నెలో, నెలన్నరో."

"పాతది కాదుగా?"

"కాదక్కా."

అక్క టీచరమ్మగారి వైపు తిరిగింది. "బండి మీకు అమ్మిన మనిషి ఎలా ఉంటాడండీ?"

"నేను చూడలేదమ్మా. నెల కిందట బ్రోకరు ద్వారా కొన్నాను." టీచరమ్మగారు కారు వైపు చూశారు. "కానీ బ్రోకరు ఒక మాట చెప్పాడు. బండి కొట్టుకోవడం మొదలుపెడితే ఎక్కడికీ తీసుకెళ్ళొద్దట. కొండ కింద, మేడమీద కిటికీ ఉన్న షెడ్డుకే తీసుకెళ్ళమని ఓనరు మరీ మరీ చెప్పాడట. పాపం, మంచి మనిషి, మంచి మేస్త్రి ఎక్కడున్నాడో చెప్పాడనుకున్నాను."

మసి, తిప్పిపెట్టిన డిస్ట్రిబ్యూటరు, కల్తీ పెట్రోలు, దాని కింద ఈ రేకు. చేతగాని మెకానిక్కు పని అనుకున్నదంతా చిన్నమేస్త్రి కళ్ళముందు తిరిగింది. ఒకదాని కింద ఒకటి, తను ఏ వరసలో విప్పుతాడో తెలిసినవాడు పేర్చి పంపినట్టుంది. చిన్నప్పట్నుంచీ పక్కన నిలబడి తన పని చూసినవాడికి తప్ప ఆ వరస ఇంకెవరికి తెలుస్తుంది? ఆ ఆలోచనతో పాటు, వెనకనుంచి ఎవరో తనని చూస్తున్నట్టు అనిపించి అతను వాకిలి వైపు చెవి ఒగ్గి నిలబడ్డాడు. బయట రోడ్డు మీద ఎవరూ లేరు.

"మేస్త్రిగారూ," అన్నారు టీచరమ్మగారు, అతన్నే చూస్తూ. ఆవిడ మాట మెల్లగా, భయంభయంగా వచ్చింది. "మీరు ఏదైనా వినేటప్పుడు అలా నోరు తెరుచుకుంటారా?"

చిన్నమేస్త్రి చటుక్కున నోరు మూసుకున్నాడు. "అలవాటండీ. నోరు తెరిస్తే బాగా వినిపిస్తుందని నాన్న నేర్పాడు. మాకందరికీ..." అని, మిగిలింది మింగేశాడు.

"తల ఎడమవైపు వంచి, గడ్డం కాస్త ముందుకు పెట్టి, నోరు తెరిచి." ఆవిడ కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "మలుపు దగ్గర పిట్టగోడ ఉంది కదా, అక్కడ రోజూ పొద్దున ఒక మనిషి అచ్చం అలాగే నిలబడి ఉంటాడు. రోడ్డుకి వీపు పెట్టి, నీళ్ళకేసి తిరిగి. బస్సు కోసమేమో అనుకునేదాన్ని. ఏ బస్సూ అక్కడ ఆగదు. నేను దాటేదాకా కదలడు. ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. ఇన్నాళ్ళూ, నీళ్ళని చూస్తున్నాడనుకున్నాను మేస్త్రిగారూ. నా బండిని వింటున్నాడు."

అక్క గోడకి ఆనుకుంది. కిటికీ దగ్గర గడిచిన సాయంత్రాలన్నీ ఒక్కసారి మీద పడ్డట్టు ఆమె మొహం నలిగిపోయింది. ఆ కిటికీ దగ్గరే ఆమె జుట్టు నెరిసింది. ఒక్క మాట నోరుజారినందుకు ఒక మనిషి ప్రాణం తీశానని కుములుతూ, సరిగా తినక, ఎవరి ముందూ నవ్వక బతికింది. తమ్ముడు ఇంజను విప్పి బల్లమీద పరిచాడు. లోపల మనిషి ఉన్నాడు. బతికి ఉన్నాడు.

ఆమె నవ్వింది. చాలా ఏళ్ళ తర్వాత తమ్ముడు విన్న ఆ నవ్వు, కొండమీద విన్న చప్పుడు కన్నా ఎక్కువ భయపెట్టింది.

"నేను చంపాననుకున్నానురా," అంది. "రోజూ పొద్దున లేవగానే మొదట అదే గుర్తొచ్చేది. వాడు కొండకి అవతల ఇత్తడి రేకులు కత్తిరించుకుంటూ కూర్చున్నాడు."

చిన్నమేస్త్రి ఉలిక్కిపడ్డాడు. మొగుణ్ణి 'ఆయన' అని తప్ప అక్క నోట వేరే మాట ఇంతవరకూ రాలేదు.

"సొంత ఇంటి తలుపు కొట్టడానికి కూడా వాడికి వేరేవాళ్ళ బండి కావలసొచ్చింది," అంది అక్క. రేకును తమ్ముడి చేతిలో పెట్టింది. "బిగించు."

"ఏంటీ?"

"ఇది ఎక్కడ ఉందో అక్కడే పెట్టి బిగించేయ్. చప్పుడు అలాగే రావాలి. చప్పుడు పోతే మనం చూసేశామని వాడికి తెలుస్తుంది. తెలిస్తే రేపు ఆ గోడ దగ్గర ఉండడు. టీచరమ్మగారూ, మీ బండి రేపు పొద్దున ఒక్కసారి నాకివ్వాలి. మీ పక్కన కూర్చుని నేర్చుకోనక్కర్లేదు, నడపడం నాకు వచ్చు."

టీచరమ్మగారు తల ఊపారు. కాదనడానికి ధైర్యం చాలలేదు.

చిన్నమేస్త్రి అక్క రెండు భుజాలూ పట్టుకున్నాడు. "నీకు మతి పోయిందా? బేరింగులో ఇక ఏమీ మిగల్లేదు. ఇవాళ మేం కొండెక్కినప్పుడే ఉన్న కాస్తా పోయింది. మళ్ళీ బరువు పడితే ఎక్కుడు మధ్యలో పట్టేస్తుంది. ఇంజను పట్టేస్తే చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. స్టీరింగు నీ మాట వినదు. అదీ ఆ మలుపులో, కింద నీళ్ళు పెట్టుకుని! కొత్త బేరింగులు వేసి ఇస్తాను, కాస్త ఆగు. లేకపోతే నేనే నడిచివెళ్ళి వాణ్ణి చొక్కా పట్టుకుని ఈడ్చుకొస్తాను."

"నువ్వు వెళ్తే నిన్ను చూసి పారిపోతాడు. వాడు విందామనుకుంటున్నది ఈ చప్పుడు." అక్క అతని చేతులు భుజాల మీదనుంచి మెల్లగా తీసేసింది. "మలుపు దాకా వెళ్తుందా?"

ఏ మేస్త్రీ చెప్పలేని ప్రశ్న అది. చిన్నమేస్త్రి రేకు వైపు, గుంటలో వేలాడుతున్న మూడో రాడ్డు వైపు చూశాడు.

"మలుపు దాకా వెళ్ళొచ్చు," అన్నాడు చివరికి. "అక్కణ్ణుంచి వెనక్కి రావడమే నేను చెప్పలేను."

"అక్కడిదాకా వెళ్తే చాలు," అంది అక్క, పానా తీసి అతని చేతికి అందిస్తూ. "వెనక్కి వాడే తోసుకొస్తాడు."